బెయిల్ మార్కులు వేసేవారికి ముందు శిక్షణ కావాలి

బెయిల్ ఇస్తే నిందితుడు తిరిగి కోర్టుకు వస్తాడా? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు వెతికే ప్రయత్నం 1961లో న్యూయార్క్‌లో మొదలైంది. మాన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్టులో న్యాయశాస్త్ర విద్యార్థులు నిందితులతో మాట్లాడి నివాసం, ఉద్యోగం, కుటుంబం, పాత కేసులను బట్టి పాయింట్లు వేసేవారు. తగినన్ని పాయింట్లు వస్తే డబ్బు కట్టించుకోకుండా విడుదల చేయమని సిఫారసు చేసేవారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో మన సుప్రీంకోర్టు ఈ ప్రాజెక్టును ప్రస్తావించి, ఇలాంటి అంశాలనే చూసి సొంత పూచీకత్తుపై విడుదల చేయవచ్చని చెప్పింది.

మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. కాబట్టి పాయింట్ల పట్టిక ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. అయితే పట్టిక కంటే ముందు, దాన్ని నింపే మనిషిని సిద్ధం చేయాలి.

సూరత్‌నే తీసుకోండి. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కార్మికులు ఎందరో అక్కడి మరమగ్గాలపై పనిచేస్తున్నారు. వారిలో ఒకరు లాజ్‌పోర్ జైలుకు చేరారనుకుందాం. అద్దె గది, నియామక పత్రం లేని పని, ఊళ్లో కుటుంబం. ‘స్థానిక సంబంధాలు’ అన్న గడిలో ఒకరు సున్నా వేస్తారు. తెలుగు తెలిసిన మరొకరు, పదేళ్లుగా ఒకే పేటలో ఉన్నాడనీ, హామీ ఇచ్చే కులసంఘం ఉందనీ తెలుసుకుని పూర్తి మార్కులు వేస్తారు. మనిషి ఒక్కడే, ఫలితాలు రెండు.

ఈ తేడాను కొలవడానికి గణాంక శాస్త్రంలో ‘కప్పా’ అనే సూచిక ఉంది. ఇద్దరు విడివిడిగా 100 ఫైళ్లు చూసి 80 ఫైళ్లలో ఏకీభవించారనుకుందాం. ఇద్దరూ 70 ఫైళ్ల చొప్పున ‘తక్కువ ప్రమాదం’ అని రాసి ఉంటే, 58 ఫైళ్లలో ఏకీభావం యాదృచ్ఛికంగానే రావచ్చు. ఆ భాగం తీసేస్తే కప్పా దాదాపు 0.52. ఒక మనిషి స్వేచ్ఛను తేల్చడానికి ఇది చాలదు.

అమెరికాలో వాడే ‘పబ్లిక్ సేఫ్టీ అసెస్‌మెంట్’ ఇంటర్వ్యూ లేకుండా, రికార్డుల్లోని 9 అంశాలతోనే లెక్కకడుతుంది. అక్కడా నిర్వచనం ముఖ్యమే. పాత చిరునామాకు సమన్లు వెళ్లడం వల్ల రాలేకపోయినవాణ్ణి, తప్పించుకు తిరిగినవాణ్ణి ఒకే గడిలో వేయవచ్చా?

అందుకే పారాలీగల్ వాలంటీర్లకు, న్యాయసహాయ న్యాయవాదులకు ముందుగా ముగిసిన కేసుల ఫైళ్లపై సాధన చేయించాలి. విడివిడిగా మార్కులు వేయించి, తేడాలు చర్చించి, నియమాలు రాసుకోవాలి. ఏటా మళ్లీ పరీక్షించాలి. ఏకీభావం ఎంతో ప్రజలకు వెల్లడించాలి.

శిక్షణ ఒక్కటే న్యాయం చేయదు. అద్దె ఇల్లు ఉంటే మార్కులు తగ్గించమని పట్టికే చెబితే, శిక్షణ పొందినవారంతా ఒకే రకంగా అన్యాయం చేస్తారు. వలస కార్మికులకు మార్కులు ఎలా పడుతున్నాయో విడిగా లెక్క చూడాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గని పట్టికను న్యాయమూర్తి బల్లపైకి పంపకూడదు.