ఇంటి మరమ్మతులకు సర్కారు ద్రవ్యసహాయము

వానలు ప్రారంభమైనది మొదలు మా సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు ఎరువులను గూర్చి యడిగినంతగా ఇంటికప్పును గూర్చియు అడుగుచున్నారు. పెంకుటిండ్లపై కోతులు చేయు విధ్వంసమును ఎరుగని గ్రామములు నేడు తక్కువ. ఒక్క పెంకు పగిలినచోట నీరు దిగి వాసము చివుకును. వాసము చివికిన పిదప దూలము, దూలముతో గోడ. మొదట కొలది వేల రూపాయలతో పోవలసిన పని, నాలుగు వర్షాకాలములు గడచునప్పటికి ఇల్లు కూల్చి కట్టవలసిన పని యగుచున్నది.

ఇట్టి గృహస్థునకు సర్కారు సహాయ మేమైన గలదా? వెనుకటి ఇందిరా ఆవాస్ యోజనయందు, పచ్చి యిండ్లను బాగుచేసికొనుటకు నిధులలో నూటికి 20 వంతులకు మించకుండ వెచ్చించు వీలుండెను. దాని స్థానమున 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతములలో 1,30,000 నిర్ణయించి, ఇంటి కనీస వైశాల్యమును 20 చదరపు మీటర్లనుండి 25కు పెంచినది. ఇది మేలే. కాని యా సొమ్ము క్రొత్త యింటికే. 2015 నాటి పట్టణ పథకములోనైతే, ఉన్న యింటికి కనీసము 9 చదరపు మీటర్లు చేర్చుకొనువారికి సైతము సహాయము చేయు నిబంధన యుండెను. పట్టణవాసికి ఇల్లు పెంచుకొనుటకు సొమ్మిచ్చి, పల్లెవానిని మాత్రము క్రొత్త యిల్లు కట్టిననే రమ్మనుట ఏమి న్యాయమో మాకు బోధపడకున్నది.

2011 నాటి గణనలో చేతితో చేసిన పెంకుల కప్పును పచ్చి కప్పుగను, యంత్రపు పెంకును, రేకును పక్కావిగను లెక్కించిరి. కావున గూనపెంకు తీసి బెంగుళూరు పెంకు వేసికొన్నవాడు, ఆ పెంకు క్రింద గిన్నెలు పెట్టుకొని నిద్రించుచున్నను, కాగితముమీద పక్కా యింటి యజమానుడే!

ఇంతకంటెను మన సభ్యులకు ముఖ్యమైన సంగతి మరియొకటి యున్నది. 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న కుటుంబము ఈ గ్రామీణ పథకమునకు అనర్హము. 2024లో నిబంధనలను సడలించినప్పుడు ద్విచక్ర వాహనమును, శీతల పెట్టెను, చేపల పడవను అనర్హతల పట్టికనుండి తొలగించిరి. కార్డును మాత్రము తొలగింపలేదు. ఈ కార్డు పరిమితి యేమి? పైరునకు అగు పెట్టుబడినిబట్టి మనము చేయదగిన అప్పు. రెండెకరముల వరి సాగుచేయు రైతునకే ఈ పరిమితి సులభముగా దాటుచున్నది. అప్పు చేయగలుగుటను ఆస్తిగా నెంచి ఇల్లు నిరాకరించుట మిక్కిలి విపరీతము. సంఘములో చేరి, సక్రమముగ కార్డు తీసికొని, గడువునకు చెల్లించువాడు నష్టపడుచున్నాడు; వడ్డీవ్యాపారివద్ద నోటు వ్రాసినవానికి ఈ చిక్కు లేదు.

మరమ్మతులకు సొమ్మిచ్చిన దుర్వినియోగ మగునని అధికారు లనవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. అయితే క్రొత్త యింటికి దశదశకు ఛాయాచిత్రములు తీయుచున్నారు గదా; కప్పు విప్పక మునుపొకటి, వేసిన పిదప నొకటి తీయుట కష్టమా? సముద్రతీరమున మట్టిగోడల తాటాకు గుడిసెలకు మరమ్మతు చాలదన్నను ఒప్పుకొందుము. 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన దానిని చూపినది. అచ్చట క్రొత్త పక్కా యిండ్లే కావలెను. మేము చెప్పునది గోడలు దృఢముగ నుండి కప్పు మాత్రమే చెడిన యిండ్ల మాట.

క్రొత్త యింటికి ఎంపికైనవారికిని ఇబ్బంది లేకపోలేదు. తెలంగాణములో 2024 మార్చిలో భద్రాచలమున ప్రారంభించిన ఇందిరమ్మ యిండ్ల పథకమున 5,00,000 రూపాయలు నాలుగు వాయిదాలలో నిచ్చుట నిర్ణయము. మొదటి లక్ష పునాది పూర్తియైన పిదపనే వచ్చును. చేత రూకలేనివాడు ఆ పునాది నెట్లు వేయును? ఇచ్చటనే సహకార సంఘము పూనుకొనవలెనని మా యభిప్రాయము. పునాదివరకు స్వల్పకాలపు ఋణమిచ్చి, వాయిదా సొమ్ము రాగానే చెల్లించుకొన వచ్చును. ఆ సొమ్ము నేరుగ లబ్ధిదారుని ఖాతాకు పోవును గనుక సంఘమునకు కొంత జంకు సహజమే. సభ్యులిద్దరు జామీనుండిన ఆ జంకు చాలవరకు తీరును.

కార్డు నిబంధనను తొలగింపవలెననియు, మరమ్మతులకు ప్రత్యేక భాగము కేటాయింపవలెననియు రానున్న సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రవేశపెట్టదలచినాము. ఉత్త తీర్మానమునకు అధికారులు విలువ నీయరు. కావున సభ్యులు తమ యింటి కప్పు ఏ రకమైనదియు, ఎన్నేండ్లనుండి కారుచున్నదియు, కార్డు పరిమితి యెంతయు ఒక కాగితముపై వ్రాసి సమావేశమునకు వారము ముందుగ కార్యదర్శికి అందజేయ ప్రార్థించుచున్నాము. వ్రాయలేనివారు నోట చెప్పినను మేమే వ్రాసికొందుము.