శోషరసానికి గుండె లేదు (నడిగడ్డ ముచ్చట్లు – 9)



హాస్టల్‌లో ఉంటున్న ఒక చెల్లె మొన్న ఒక వీడియో పంపింది. నెలసరి ముందు ఒళ్లు ఉబ్బినా, నెలసరి ఆగిపోయే వయసులో కాళ్లకు నీరు పట్టినా "లింఫ్ డీటాక్స్" చేసుకోవాలట. పొడి బ్రష్‌తో ఒళ్లు రుద్దుకోవాలి, పొద్దున్నే ఏదో టీ తాగాలి. "నిజమేనా అక్కా?" అని అడిగింది.

టీ తాగితే శోషరసం శుభ్రపడుతుందనడానికి ఆధారం లేదు. హార్మోన్లు మారేటప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ కొంత నిలవడం మాత్రం నిజమే. అది చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కానీ ఒక్క కాలే ఉన్నట్టుండి వాచినా, వాపుతో జ్వరం, ఎరుపు వచ్చినా, ఆయాసం తోడైనా ఇంటి వైద్యాలు పక్కన పెట్టి ఆస్పత్రికి పోవాలి.

మన స్కూలు పుస్తకాల్లో ఒక పాఠం ఉంది, గుర్తుందా? రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. శోషరసానికి అలాంటి గుండె లేదు. దాని నాళాలు మెల్లగా ముడుచుకుంటాయి, లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. మిగిలిన పని పిక్క కండరాలది, ఊపిరిది. నడిస్తే కదులుతుంది, కాళ్లు ఎత్తి పడుకుంటే తేలికవుతుంది, గంటలకొద్దీ నిలబడితే నీరు పాదాల్లోకి దిగుతుంది. సహజంగా సాయం చేయడమంటే ఇంతే: నడక, విశ్రాంతి, సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్న పాదాలు. పైసా ఖర్చు లేదంటారు. విశ్రాంతికి పైసా ఖర్చు లేదని ఎవరన్నారు? ఆ రోజు కూలి పోతుంది కదా.

ధరూరు మండలానికి రండి. జూరాల ప్రాజెక్టు ఇక్కడే, రేవులపల్లి దగ్గర. కృష్ణ, తుంగభద్రల నడుమ మా నడిగడ్డలో పండే సీడ్ పత్తి దేశమంతా పోతుంది. ఆ విత్తనం యంత్రంతో రాదు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గ విప్పి అందులోని పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక్కో పువ్వుకూ ఒక్కో చెయ్యి కావాలి. ఆ పని నెలల తరబడి నడుస్తుంది. మెడ వంచి, సాళ్లలో నిలబడి, అడుగు తీసి అడుగు వేస్తూ పొద్దంతా గడవాలి. చేనులో మరుగు ఉండదు, కాబట్టి నీళ్లు తాగరు. "నీళ్లు బాగా తాగండి" అని చెప్పే వీడియోకు ఈ సంగతి తెలియదు.

2001 ప్రాంతంలో దావులూరి వెంకటేశ్వర్లు లాంటి పరిశోధకులు ఈ చేలల్లో పనిచేసే ఆడపిల్లల గురించి రాశారు. బడి మాని, అడ్వాన్సు కింద వచ్చిన పిల్లలు, ఎక్కువమంది దళిత, బీసీ ఇళ్ల వాళ్లు. అప్పుడు పన్నెండేళ్లున్న పిల్లకు ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. హార్మోన్లు మారే వయసు ఆమెకు వస్తోంది. బాల కార్మికురాలిగా ఉన్నంతవరకే ఆమె మీద రిపోర్టులు వచ్చాయి, ఆ తర్వాత ఆమె ఏమైందని అడిగినవాళ్లు తక్కువ.

చాలామందికి ఆ వయసు తనంతట తాను రావడం కూడా లేదు, కత్తితో వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, మన తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఆడమనిషి ఒక్క రోజులో ముట్లుడిగిన వయసుకు పోతుంది. ఎముకలు, గుండె, నిద్ర అన్నిటి మీదా దెబ్బే. అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. కానీ తెల్లబట్టకు, నడుం నొప్పికి కూడా "తీసేస్తే పీడ పోతుంది" అనే మాట మన వాడల్లో ఎంత తేలిగ్గా వినిపిస్తుందో మీకు తెలుసు. అనవసర ఆపరేషన్ల మీద కేంద్రం మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాగితం మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉందేమో అడిగి చూడండి.

శోషరసం దారి పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో ఊరికి కొత్త కాదు. బోదకాలు. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ ఆ పురుగును మోసుకొస్తుంది. మురుగు ఎటు పారుతుంది, ఎక్కడ నిలుస్తుంది? ఊరి కాలువ తుదిలో ఎవరి వాడ ఉందో చూడండి, జవాబు దొరుకుతుంది. మాత్రలు పంచారు, 2018లో బోదకాలు బాధితులకు పింఛనూ ఇచ్చారు. మంచిదే. కాలు వాచాక పింఛను ఇచ్చే సర్కారుకు, వాడలో మురుగు కాలువ కట్టడం మాత్రం ఎప్పుడూ తర్వాతి బడ్జెట్ పనే.

కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు విజి పెన్‌కూట్టు లాంటి వాళ్ల నాయకత్వంలో కొట్లాడి 2018లో కూర్చునే హక్కు తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడూ చట్టం చేసింది. కూర్చోవడానికి చట్టమా అని నవ్విన మగవాళ్లు ఉన్నారు. పన్నెండు గంటలు నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆ చట్టాలు షాపులకే. చేనుకు లేవు.

అందుకే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక పని చెప్తున్నా. ఈసారి క్రాసింగ్ మొదలయ్యే ముందు గద్వాల కలెక్టరేట్‌కు పోయేవాళ్లు కూలి రేటు ఒక్కటే రాయకండి. రెండు పూటలా కూర్చునే విరామం, చేను గట్టున నీడ, తాగేనీళ్లు, మరుగుదొడ్డి రాయండి. వాటి ఖర్చు ఆర్గనైజర్లు, కంపెనీలు పెట్టాలని రాయండి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఆడవాళ్లకు కాళ్లు, బీపీ, రక్తం పరీక్షలు చేలకు దగ్గర్లోనే చేయాలని రాయండి. అర్జీ రాసేటప్పుడు ఆ అక్కలనే పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడ నొప్పి ఉందో వాళ్లు చెప్తారు.