పిల్లికి విశ్వాసం లేదా?

"కుక్కకున్న విశ్వాసం పిల్లికి లేదు" అనే మాట వినని తెలుగువారు ఉండరు. కుక్క అన్నం పెట్టిన చేతిని మరువదని, పిల్లి మాత్రం పాలు తాగి గోడ దూకి పోతుందని పెద్దలు చెబుతుంటారు. ఆ మాట నిజమా కాదా అని ఆలోచించేవారు మాత్రం చాలా తక్కువ. ఈ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు నేను చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అందరూ అనుకొని ఉంటారు. కాని నేను పిల్లి గురించి రాస్తున్నాను. అందుకు కారణం ఉంది.

చెల్లెళ్లారా! మన హాస్టల్ వెనక వరండాలో, పాత మంచాలు పడేసిన మూలలో, చారల పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని మీలో కొందరు ఫోన్ చేసి చెప్పారు. వాటిని గోనె సంచిలో వేసి ఊరి బయట చెరువు కట్ట మీద వదిలేసి రావాలని కొందరు అంటున్నారని కూడా చెప్పారు. ఇది చిన్న విషయమే కదా అని మీకు అనిపించవచ్చు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆరేళ్లు ఇదే హాస్టల్లో పిల్లుల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకు అలా అనిపించడం లేదు. కృతజ్ఞత, నమ్మకం, ఓదార్పు అనే మూడు మాటలకు అర్థం నేను పుస్తకాల కంటే ముందు వాటి దగ్గర నేర్చుకున్నాను. అందుకే వాటి తరఫున ఈ నాలుగు మాటలు.

ముందుగా మన సామెతలను చూడండి. తప్పు దాచుకునేవాణ్ని 'పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టు' అంటాం. పిసినారిని 'పిల్లికి కూడా బిచ్చం పెట్టడు' అంటాం. కుదురు లేనివాణ్ని 'కాలు గాలిన పిల్లి' అంటాం. బలం లేనివాడి కోపాన్ని 'పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా' అని కొట్టిపారేస్తాం. వీటిలో ఒక్క చోట కూడా పిల్లికి మర్యాద దక్కలేదు. అన్నిటికంటే పెద్ద నింద శకునం. సెల్‌ఫోన్‌లో బస్సు టైము చూసుకొని బయలుదేరినవారు కూడా పిల్లి అడ్డం వస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరుతారు.

ఎదురొస్తే కీడు అనే మాట పిల్లి ఒక్కదానికే అన్నారా? భర్త పోయిన స్త్రీ ఎదురైతే కీడన్నారు. మన తాతముత్తాతలు ఎదురైతే కీడన్నారు. ఆ మాటలోని అన్యాయం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మహాకవి గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించారు. అందులో అంటరానివాడిగా వెలివేయబడిన నాయకుడు తన కష్టాన్ని కాశీ విశ్వనాథుడికి చెప్పి పంపడానికి హంసనో, మేఘాన్నో ఎంచుకోలేదు. అందరూ అపశకునమని తరిమే గబ్బిలాన్నే ఎంచుకున్నాడు. ఆ పద్యాలు మన వార్షికోత్సవాల్లో గొంతెత్తి చదువుతాం. చదివిన మనమే శకునం పేరుతో ఒక మూగజీవిని రాయి పెట్టి కొడితే ఆ పద్యాలు మనకు వంటబట్టినట్టేనా?

ఇక పిల్లి దొంగ అనే మాట. చరిత్ర వేరే సంగతి చెబుతుంది. సుమారు పది వేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో మనుషులు వ్యవసాయం నేర్చి గింజలు నిల్వ చేయడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం అడవి పిల్లులు వచ్చాయి. వాటిని మనిషి వల వేసి పట్టి తెచ్చుకోలేదు, తమంతట తామే వచ్చి మనిషి పక్కన చేరాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్లు దొరికాయని 2004లో పరిశోధకులు ప్రకటించారు. అంటే అప్పటికే ఎవరో ఒకరు పిల్లిని తనవాళ్లలో ఒకటిగా చూసుకున్నారన్నమాట. మన స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాలు ఉన్నంతకాలం ఎలుకలు వస్తాయి. చిన్న పిల్లలు తిరిగే చోట ఎలుకల మందు పెట్టడం ప్రమాదం. జీతం అడగకుండా రాత్రంతా ఆ కాపలా కాసేది ఎవరు? దొంగ అని మనం పేరు పెట్టిన పిల్లే కదా!

ఇప్పుడు కృతజ్ఞత సంగతికి వస్తాను. హాస్టల్ పిల్లలమైన మనకు ఈ మాట కొత్త కాదు. "మీకు ఊరికే అన్నం పెడుతున్నారు, విశ్వాసంగా ఉండండి" అని వేదిక ఎక్కిన ప్రతివారూ చెబుతారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన మాకు దుప్పట్లు పంచారు. ఫోటో సరిగా రాలేదని మా చేత రెండోసారి దండం పెట్టించారు. ఆ దుప్పటి వెచ్చగానే ఉండేది. కాని దాన్ని కప్పుకున్నప్పుడల్లా ఆ రెండో దండం గుర్తొచ్చేది.

మా చారల పిల్లి (ఇప్పటి పిల్లికి అమ్మమ్మో, ముత్తవ్వో అయి ఉంటుంది) గుడ్డు పెట్టే రోజున నా పళ్లెం దగ్గరికి వచ్చేది. చిన్న ముక్క పెడితే వాసన చూసి, నిదానంగా తిని, మూతి కడుక్కొని, రెండడుగుల దూరంలో కూర్చొనేది. తోక ఊపలేదు, కాళ్లు నాకలేదు. నా వైపు చూసి మెల్లగా కళ్లు మూసి తెరిచేది, అంతే. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ అలవాటును పరీక్షించారు. మనిషి పిల్లి వైపు చూస్తూ మెల్లగా కళ్లు మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే చేస్తుందని, అలా చేసిన మనిషి దగ్గరికి ఎక్కువ ఇష్టంగా వస్తుందని తేల్చారు. పిల్లి కళ్లు మూసుకునేది దొంగతనం దాచుకోవడానికేనని మన సామెత అంటుంది. నీ ముందు కళ్లు మూసుకోవడానికి నాకు భయం లేదని చెప్పడానికి కూడా మూసుకుంటుందని నాకు తెలిసింది.

తల వంచకుండా కూడా కృతజ్ఞత చూపవచ్చని ఆ పిల్లి నాకు నేర్పింది. మనకు వచ్చే స్కాలర్‌షిప్పు, మన మెస్ చార్జీలు ఎవరి దయా కాదు. బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్.సి., ఎస్.టి.ల చదువును రాజ్యం శ్రద్ధగా ప్రోత్సహించాలని రాజ్యాంగం 46వ అధికరణ చెబుతోంది. అలాగని మనం ఎవరికీ రుణపడి లేమని నేను అనను. స్టడీ అవర్ అయ్యాక ఆకలితో వచ్చేవాళ్ల కోసం చారన్నం మూత పెట్టి ఉంచిన వంటమ్మకు నేను రుణపడి ఉన్నాను. తాము వేలిముద్ర వేస్తూ నన్ను ఎం.ఏ. దాకా పంపిన అమ్మానాన్నలకు రుణపడి ఉన్నాను. వీళ్లెవరూ నా చేత దండం పెట్టించుకోలేదు. అందుకే వారిని తలచుకుంటే నా మనసే దండం పెడుతుంది.

తెలుగులో విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చేసిన మేలు మరువకపోవడం, రెండోది నమ్మకం. ఈ రెండో అర్థంలో పిల్లి పెద్ద గురువు. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై అని రెండు శాఖలు ఉన్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకున్నట్టు భక్తుడు తన వంతు ప్రయత్నం చేయాలని వడగలై వారు అంటారు. దీన్ని మర్కట కిశోర న్యాయం అంటారు. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకొని తీసుకుపోయినట్టు భగవంతుడే మోసుకుపోతాడని తెంగలై వారు అంటారు. అది మార్జాల కిశోర న్యాయం. మన పెద్దలను గుడి గడప దాటనివ్వని రోజుల్లో కూడా ఆ ఉపమానం మన గుడిసెల అటకల మీదే కాపురం ఉంది!

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన ఊళ్లలో అంటారు. మాది పాలమూరు జిల్లా. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగ్ పనులకు పోయేవారు. పని ఎక్కడుంటే అక్కడికి నన్ను, తమ్ముణ్ని చంకన వేసుకొని తిప్పారు. ఏడిళ్లు కాదు, అంతకంటే ఎక్కువే తిరిగాం. చివరకు నన్ను ఈ హాస్టల్లో దించారు. తల్లి నోట కరిచినప్పుడు పిల్లిపిల్ల గింజుకోదు, ఒళ్లు వదిలేస్తుంది. ఎక్కడికి తీసుకుపోతున్నావని అడగదు. అమ్మ నన్ను ఇక్కడ వదిలి వెళ్లింది విసిగిపోయి కాదని, ఇదే భద్రమైన చోటని నమ్మి వెళ్లిందని పిల్లిని చూసే నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత కోతిపిల్లలాగా చదువును గట్టిగా పట్టుకోవడం నా వంతు అయింది. రెండు న్యాయాలూ కావాలని నా అభిప్రాయం.

మిగతా మతాలలోనూ పిల్లికి చోటు ఉంది. మహమ్మద్ ప్రవక్త సహచరుల్లో ఒకాయనకు అబూ హురైరా అనే పేరు పిల్లిపిల్ల మీద ప్రేమ వల్లే వచ్చింది. పిల్లిని బంధించి, తిండి పెట్టకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైందని హదీసుల్లో ఉంది. మా ఇంగ్లీషు సాహిత్యంలో క్రిస్టఫర్ స్మార్ట్ అనే కవి ఉన్నాడు. 1757 తర్వాత కొన్నేళ్లు ఆయనను లండన్‌లో మతిస్థిమితం లేనివారి మధ్య ఉంచారు. అక్కడ ఆయనకు తోడుగా జెఫ్రీ అనే పిల్లి ఉండేది. అది ఒళ్లు విరుచుకోవడం, కాళ్లు శుభ్రం చేసుకోవడం కూడా దేవుడి సేవేనని ఆయన ఒక సుదీర్ఘ కవితలో రాశాడు. ఆ కవిత 1939లో గాని అచ్చు కాలేదు. లోకం పిచ్చివాడన్న మనిషి దగ్గర పిల్లి కూర్చుంది, ఆయనకు దానిలో దేవుడు కనిపించాడు.

ఓదార్పు అంటే అదే. ఆదివారాలు అందరి అమ్మానాన్నలు టిఫిన్ డబ్బాలతో వచ్చేవారు. మావాళ్లు పుణె నుంచి రాలేరు. నేను నీళ్ల ట్యాంకు వెనక మెట్ల మీద కూర్చొనేదాన్ని. పిల్లి వచ్చి పక్కన పడుకొని గుర్రుమనేది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగేది కాదు. 2019లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 249 మంది విద్యార్థులపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువరించారు. పది నిమిషాలు పిల్లులను, కుక్కలను నిమిరినవారిలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిందని అందులో తేలింది. మనకు ఆ లెక్క ట్యాంకు మెట్ల మీదే తెలుసు. అయితే ఒక మాట. పిల్లి తోడు ఉంటుంది గాని సమస్య తీర్చలేదు. పరీక్షల భయంతోనో, ఇంటి బాధలతోనో మనసు మరీ కుంగిపోతే మేడమ్‌కో, స్నేహితురాలికో చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు.

పిల్లులు వద్దనేవారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. అన్నం గిన్నెలో మూతి పెడతాయి, గోళ్లతో గీరుతాయి, సంఖ్య పెరిగిపోతుంది అంటున్నారు. వీటికి ఉపాయాలు ఉన్నాయి. వంటగదికి జాలీ తలుపు పెట్టించి మూసి ఉంచండి. పిల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. కరిచినా, గీరినా దాచిపెట్టవద్దు. పిల్లి వల్ల కూడా రేబిస్ రావచ్చు. గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కూనలకు మూడు నెలలు నిండాక పశువుల దవాఖానలో రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. పిల్లి తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఏడాదికి ఒకటి కంటే ఎక్కువసార్లు పిల్లల్ని పెట్టగలదు. కాబట్టి తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. దీనికి అయ్యే ఖర్చుకు మా పూర్వ విద్యార్థినులం తలా కొంత వేసుకుంటాం.

సంచిలో వేసి వదిలేయడం మాత్రం పరిష్కారం కాదు. పుట్టిన వారం పది రోజుల దాకా వాటికి కళ్లే తెరుచుకోవు. తల్లి పాలు లేకపోతే బతకవు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51-ఏ అధికరణ చెబుతోంది. హక్కుల కోసం రాజ్యాంగం తెరిచే మనం విధుల పేజీని కూడా చదవాలి.

చెల్లెళ్లారా! ఈ హాస్టల్ గేటు ఒకప్పుడు మనకోసం తెరుచుకుంది. ఎవరి పిల్లవు, నీ వల్ల మాకేమి లాభం అని అడగకుండా మనకు ఇక్కడ ఒక మంచం, ఒక పళ్లెం దొరికాయి. మనకు దొరికిన ఆ నీడలో, పాత మంచాల మూలన ఆరడుగుల చోటు ఒక తల్లికి, నాలుగు కూనలకు ఇవ్వలేమా? విశ్వాసం పిల్లికి ఉందా లేదా అని అడగడం ఇక చాలు. అది పిల్లల్ని పెట్టడానికి ఊరంతా వదిలి మన వరండాను నమ్మి వచ్చింది. ఆ విశ్వాసాన్ని నిలబెట్టాల్సింది మనమే.

— పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (ఇంగ్లీషు) రెండవ సంవత్సరం