గేరు వేగం చూసి మురిసిపోయే తల్లులకు

"మా వాడు యాక్సిలరేటర్ మీద కాలు తియ్యకుండానే గేరు మార్చేస్తాడు" అని గొప్పలు చెప్పుకునే తండ్రులు మా నెల్లూరులో ఎక్కువయ్యారు. పక్కన కూర్చుని మురిసిపోయే తల్లులూ ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ఆ తల్లుల కోసమే.

ఆ విద్యను నేను తక్కువ చెయ్యడం లేదు. డ్రాగ్ రేసంటే తిన్నని దారిలో పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు. క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ ఇంజను బలం చక్రాలకు అందదు. అందుకే చటుక్కున తొక్కి, గేరు లాగి, వదిలెయ్యాలి. అంతా రెప్పపాటులో అయిపోవాలి. దానికి సాధన కావాలి, ఒప్పుకుంటాను.

మరి ఆ సాధన ఎక్కడ? మనం చెన్నై వెళ్లే దారిలోనే షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి రేసులు జరిగాయి. తర్వాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకే కట్టారు. అలాంటి చోట హెల్మెట్ ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది, గీత దాటాక బండి నెమ్మదించడానికి జాగా ఉంటుంది.

మన మైపాడు రోడ్డు మీద ఏముంటుంది? చేపల గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, రొయ్యల గుంటల్లో పని ముగించుకొచ్చే కూలీలు, అడ్డంగా నిలబడ్డ గేదె. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనుకు 28 మీటర్లు పోతుంది. మీవాడి కాలు బ్రేకు మీదికి వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. గేరు మార్చడం నేర్పిన వీడియో ఆ గంపను చూడ్డం నేర్పదు.

"వయసులో ఉన్న మగపిల్లాడు, ఆ మాత్రం ఉండదా?" అంటారు. ఆడపిల్ల స్కూటీ అడిగితే వంద జాగ్రత్తలు చెప్పే నోరే కదమ్మా అది!

"పోలీసులు చూసుకోవాలి" అంటారు ఇంకొందరు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసులో దిగినవాళ్లదే కాదు, దిగనిచ్చినవాళ్లదీ తప్పే. మొదటిసారికి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. పిల్లాడికి 18 నిండకపోతే, వాడు చేసిన నేరానికి తల్లిదండ్రులో బండి యజమానో 3 ఏళ్ల దాకా జైలుకు పోవచ్చు, పైన 25,000 జరిమానా. 2019లో తెచ్చిన సవరణ ఇది. వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సూ ఇవ్వరు.

అయినా పోలీసు ఉండేది రోడ్డు మీద. బండి తాళం ఉండేది మనింట్లో, మేకుకు. అంత మోజుంటే ట్రాకుకు పంపండి, ఫీజు కట్టండి, ఎవరూ కాదనరు. అందాకా ఆ తాళం మీ కొంగున ముడేసుకోండి.