ఆకు మందు మీద నమ్మకం ఉంది కాబట్టే చెప్తున్నా

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా హాస్టల్లో గజ్జి వచ్చింది. ఒక రూములో మొదలై మా వరుసంతా పాకింది. రాత్రయితే చాలు, వేళ్ల సందుల్లో ఒకటే దురద. కానీ ఎవడూ బయటికి చెప్పడు. "ఏజెన్సీ వాళ్లు స్నానం చెయ్యరు" అంటారని భయం.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మమ్మ వేపాకు, పసుపు కలిపి నూరి రాసుకోమంది. నా రూమ్మేట్ నవ్వి, మెడికల్ షాపులో అడిగి ట్యూబు కొన్నాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. రెండ్రోజులు దురద తగ్గి, మళ్లీ డబుల్ అయింది. స్టెరాయిడ్ దురదని అణుస్తుంది గానీ చర్మంలో దూరిన పురుగుని చంపదు.

అమ్మమ్మ మాట ఉత్తిది కాదు. 1992లో వచ్చిన ఒక పైలట్ స్టడీలో 814 మంది గజ్జి రోగులకి వేప, పసుపు ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందని రాశారు. ఒక్క స్టడీతో అంతా తేలిపోదు, కానీ నవ్వాల్సిన విషయం మాత్రం కాదు. అయినా నాకు తగ్గలేదు. నేనొక్కడినే రాసుకుంటే ఏం లాభం, దుప్పట్లు అందరివీ కలిసే ఉన్నాయి. చివరికి పీహెచ్‌సీలో పర్మెత్రిన్ క్రీము ఇచ్చి, అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోమన్నారు. వారం తర్వాత ఇంకోసారి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకమన్నారు. అప్పుడు వదిలింది.

గజ్జి చిన్న విషయం. నేను అసలు రాయాలనుకున్నది మా మావయ్య గురించి.

మావయ్య ముంజేతి మీద తెల్లగా పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. తామర అనుకుని అమ్మమ్మ సీమ అవిసె ఆకు నూరి రాసింది. తామరకి ఆ ఆకు మంచిదే, దాంట్లో ఉండే క్రైసోఫానిక్ యాసిడ్ ఫంగస్ మీద పని చేస్తుంది. కానీ అది తామర కాదు. రెండేళ్లు రాశాక చిటికెన వేలు వంగిపోయింది. అప్పుడు తేలింది, కుష్టు అని. మందు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పన్నెండు నెలలు వాడాడు, రోగం పోయింది. వేలు మాత్రం తిన్నగా రాలేదు. ఇప్పుడు కత్తి గట్టిగా పట్టుకోలేడు. అమ్మమ్మ ఈరోజుకీ ఆ చెయ్యి వైపు చూడదు.

మన గ్రూపులో కొందరు ఆకు మందంతా మూఢనమ్మకం అంటారు. ఇంకొందరు ఇంగ్లిష్ మందంతా విషం, మన తాతలకి అన్నీ తెలుసు అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ మావయ్య వేలిని కాపాడేది కాదు. ఆకు తప్పు చెయ్యలేదు. రోగం ఏంటో తెలియకుండా ఆకుతోనే ఆగిపోవడం తప్పు.

అందుకే నా మాట ఇది. పాలిపోయిన మచ్చ మీద గిల్లితే తెలియకపోతే, ఆకు వద్దు, ఆశా అక్కకి ఆరోజే చూపించండి. ఏ మందైనా రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పొండి. నల్లజీడి సొన ఎవరు చెప్పినా రాయకండి, బొబ్బలెక్కి కాలిపోద్ది.

ఇంకోటి. 1995లో పసుపుతో గాయం మాన్పడం మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన సీఎస్‌ఐఆర్ పాత రాతలు చూపించింది కాబట్టే 1997లో అది రద్దయింది. మరి మా అమ్మమ్మకి తెలిసింది ఎక్కడ రాసి ఉంది? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) ఇలాంటి జ్ఞానం మీద సముదాయానికే హక్కు ఇచ్చింది. హక్కు ఉంది, రాత లేదు.

ఈ సెలవులకి ఊరెళ్తే ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. ఏ ఆకు, మన భాషలో దాని పేరు, దేనికి వాడతారు, అన్నీ పెద్దవాళ్లని అడిగి రాయండి. యూట్యూబులో పెట్టొద్దు, గ్రామసభ దగ్గర ఉంచండి. "దేనికి పని చెయ్యదు" అన్నది కూడా అడగండి. నేను మా అమ్మమ్మతోనే మొదలుపెడతా. సీమ అవిసె పేజీలో మావయ్య సంగతి కూడా రాస్తా, ఆవిడ ఒప్పుకుంటే.

తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా. జై ఆదివాసీ.