పెంచేదొకరు, పన్నులో చూపేదొకరు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కొన్నింటిలో ఏప్రిల్ 15 సమీపిస్తున్నకొద్దీ పితృవాత్సల్యం పొంగి పొరలుతుందని అక్కడి నా పూర్వవిద్యార్థుల వల్ల వింటున్నాను. ఏడాది పొడుగునా పిల్లవాణ్ణి పిన్ని ఇంట ఉంచిన తండ్రికి, ఆదాయపు పన్ను లెక్కలు వేసే వేళకు మాత్రం వాడు తన కొడుకని జ్ఞప్తికి వస్తుంది. "రక్తం నాది, నెలనెలా డబ్బు పంపినదీ నేనే, పన్నులో చూపుకొనే హక్కు ఆవిడకెక్కడిది?" అని వాదం. ఇది వాత్సల్యం కాదు, లోభం.

చట్టం సంగతి చూద్దాం. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలను కూడా ఆ దేశపు పన్ను చట్టం పోషితసంతానంగా అంగీకరిస్తుంది. బిడ్డకు 19 ఏళ్ళు నిండకూడదు. పూర్తికాలం చదివేవారైతే 24. ముఖ్యమైనది నివాసం. సంవత్సరంలో సగానికి పైగా ఆ బిడ్డ ఎవరి ఇంట ఉన్నాడన్నదే ప్రశ్న. బిడ్డ తన పోషణలో సగానికి మించి తానే భరించుకోకుంటే చాలు, డబ్బు ఎవరు పంపారని ఇక్కడ అడగరు. తండ్రీ, పిన్నీ, పిల్లవాడూ ఒకే ఇంట ఉండి, ఇద్దరూ చూపుకొంటే తండ్రికే మొగ్గు. అందులో నాకు అన్యాయం కనబడదు. కాని తండ్రి డాలస్‌లోనూ పిల్లవాడు న్యూజెర్సీలోనూ ఉన్నప్పుడు ఆ మొగ్గు మాట ఎత్తడమేమిటి?

అప్పుడు మరొక యుక్తి బయటికి వస్తుంది: "చదువు కోసం తాత్కాలికంగా దూరంగా ఉన్నాడు." చదువుకో, వైద్యానికో కొంతకాలం ఇల్లు విడిచినా ఇంట ఉన్నట్లే లెక్కించే వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే తిరిగి ఆ ఇంటికే వస్తాడన్న నమ్మకం ఉండాలి. నాలుగేళ్ళుగా వాడి మంచం, వాడి బడి, వాడి వైద్యుడు అన్నీ పిన్ని ఊళ్ళోనే ఉంటే దానిని తాత్కాలికమనడానికి ఏ నిఘంటువూ ఒప్పుకోదు.

2025 సంవత్సరానికి 17 ఏళ్ళలోపు బిడ్డకు పన్నులో 2,200 డాలర్ల వరకు తగ్గింపు ఉన్నది. వివాదమంతా దానికోసమే. ముందు దాఖలు చేసినవాడిదే పైచేయి అనుకొని జనవరిలోనే రిటర్ను పంపేవారున్నారట! ముందు పంపినంత మాత్రాన హక్కు రాదు. ఇద్దరూ పట్టుబడితే ఇద్దరికీ ఉత్తరాలు వస్తాయి, ఋజువులు చూపవలసి వస్తుంది. ఈ ఆశ మనవారికి మాత్రమే ఉన్నదనుకోకండి. 5 ఏళ్ళు దాటిన పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు వ్రాసితీరాలని 1986 చట్టం నిర్దేశించగా, 1987 లెక్కల్లో ఆ దేశమంతటా సుమారు 70 లక్షల మంది పోషితులు మాయమయ్యారు.

భాగవతం దశమస్కంధంలో నందుడు కంసునికి వార్షికపు పన్ను చెల్లించడానికే మథురకు వెళ్ళాడు. వసుదేవుని కొడుకు బలరాముడు అప్పటికి నందుని ఇంటనే పెరుగుతున్నాడు. అక్కడ కలిసిన వసుదేవుడు నందుణ్ణి సోదరా అని పిలిచి, నిన్నే తండ్రిగా భావిస్తున్న నా బిడ్డ క్షేమమా అని అడిగాడే గాని, వాణ్ణి నా లెక్కలో వ్రాసుకొంటానని అడగలేదు.

చట్టమంతా నాకు నచ్చిందని కాదు. చిన్నాన్న కొడుకు బిడ్డ మనకు కొడుకు వరసే. అక్కడ మాత్రం ఏడాది సాంతం ఇంట ఉంచుకొంటే తప్ప పరాయివాడు. పోయిన అన్న కూతురు మెక్సికోలోనో కెనడాలోనో ఉంటే, పోషణలో సగానికి పైగా భరించే బాబాయి ఆమెను లెక్కలో చూపుకొనే మార్గమున్నది. గుంటూరులో ఉన్న భారతీయ బాలికైతే లేదు. సరిహద్దు దాటితే బాబాయి ప్రేమ తరుగుతుందా?

పిన్నులకు, మేనత్తలకు నా మనవి: మొహమాటపడి ఊరుకోకండి. పిల్లవాడి పేరూ మీ చిరునామా కలిసి ఉన్న బడి ఉత్తరాలు, వైద్యుని కాగితాలు తేదీలతో సహా భద్రపరచుకొని, మీ రిటర్నులో మీరే చూపుకోండి. బావగారికి కోపం వస్తే రానివ్వండి.