బండి తిరుగుతోంది.. అంకె కనిపించడం లేదు!

పాత వాహనాల డిజిటల్ మీటర్లతో యజమానుల అవస్థలు
బాగు చేయిస్తే అనుమానం.. వదిలేస్తే నష్టం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద నెలకొల్పిన కియా కర్మాగారం నుంచి తొలి సెల్టోస్ కారు 2019 ఆగస్టులో బయటకు వచ్చింది. ఏటా 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యంతో దానిని నెలకొల్పారు. అందులో తయారైన కార్లలో కిలోమీటర్లు చూపేది తెరే. ఆ కర్మాగారం ముందున్న 44వ నంబరు జాతీయ రహదారిపైనే పదిహేనేళ్లు దాటిన కార్లు, జీపులు కూడా పరుగెడుతున్నాయి. వీటిలోనూ డిజిటల్ మీటర్లు ఉన్నవి తక్కువేమీ కాదు. కాకపోతే కొన్నింటిలో కిలోమీటర్లు చూపవలసిన చిన్న గడి నల్లబడింది. కొన్నింటిలో 8 అంకె 3లాగా, 6 అంకె 5లాగా కనిపిస్తుంది. మరికొన్నింటిలో ఉదయం కనిపించిన రీడింగు మధ్యాహ్నానికి మాయమై, పొద్దు వాలాక మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఇంజిను బాగుంది, బ్రేకు పడుతోంది, అంకెతో పనేమిటని చాలామంది వదిలేస్తున్నారు. ఆ అంకె విలువ తెలిసేది బండి అమ్మబోయినప్పుడో, బాడుగ బిల్లు పెట్టినప్పుడో, నడిరోడ్డుపై ఇంజిను ఆగిపోయినప్పుడో!

లెక్క ఎక్కడుంటుంది?

పూర్వపు వాహనాలలో గేరుబాక్సు నుంచి ఒక కేబులు వచ్చి మీటరులోని పళ్ల చక్రాలను తిప్పేది. కేబులు తెగితే లెక్క అక్కడే ఆగేది. డిజిటల్ మీటరు తీరు వేరు. గేరుబాక్సు వద్ద లేదా చక్రాల వద్ద అమర్చిన సెన్సారు విద్యుత్ సంకేతాలను పంపుతుంది. వాటిని లెక్కించి, మొత్తం దూరాన్ని ఒక చిన్న మెమరీ చిప్‌లో భద్రపరుస్తారు. బ్యాటరీ తీసివేసినా ఆ చిప్‌లోని సంఖ్య చెరగదు. గాజు తెర ఆ సంఖ్యను మనకు చూపించే అద్దం మాత్రమే.

సామాన్య యజమాని మొదట గ్రహించవలసినది ఇదే. తెర ఆరిపోయినంత మాత్రాన లెక్క పోయినట్లు కాదు. వేగం చూపే ముల్లు సక్రమంగా కదులుతూ, కిలోమీటర్ల గడి మాత్రమే నల్లగా ఉన్నదంటే, చాలా మోడళ్లలో లోపల లెక్క కొనసాగుతూనే ఉంటుంది. ముల్లు కూడా చచ్చుబడితే సెన్సారునో, దాని వైరునో అనుమానించాలి. అటువంటప్పుడు తిరిగిన దూరం నిజంగానే నమోదు కాదు. గడిపై టార్చి వేసి చూసినప్పుడు అంకెలు మసకగా కనిపిస్తే తెర బాగున్నట్లే, వెనుక దీపం పోయిందన్నమాట. తాళం తిప్పగానే అన్నీ కలిసి మిణుకుమంటే ముందు చూడవలసినవి బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు, ఎర్తు వైరు. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే మీటరు మొత్తం మార్చాలని చెప్పే షెడ్లకు కొదువ లేదు.

అంకెలలో గీతలు పోవడానికి కారణం మరొకటి. రెండు గాజు పలకల నడుమ ఉండే ద్రవస్ఫటికపు తెరను కింది సర్క్యూట్ బోర్డుతో కలిపేది రబ్బరులాంటి ఒక సన్నని పట్టీ లేదా జిగురుతో అతికించిన రిబ్బను. ఏళ్ల తరబడి వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచించి ఆ అతుకు వదులవుతుంది. టంకము వేసిన చోట కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ సంగతి చెప్పనవసరం లేదు. బస్టాండు పక్కనో, కల్యాణమండపం ముందో రోజంతా అద్దాలు మూసి నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు చేయి పెట్టలేనంతగా కాలిపోతుంది. మధ్యాహ్నం మాయమై సాయంత్రం తిరిగి వచ్చే అంకె వెనుక ఉన్నది చాలావరకు ఈ అతుకుల బాధే. ఇది పనితనం తెలిసిన ఎలక్ట్రానిక్ మెకానిక్ సరిచేయగలిగినదే. పట్టీని శుభ్రం చేసి బిగించినా, టంకము తిరిగి వేసినా, తెర ఒక్కటే మార్చినా చిప్ జోలికి పోనవసరం లేదు. పాత రీడింగు పాతదిగానే ఉంటుంది.

గుజిరీ మీటరు తెచ్చే చిక్కు

అసలు చిక్కు మీటరు మొత్తం మార్చినప్పుడు మొదలవుతుంది. పదిహేనేళ్ల కిందటి మోడలుకు కొత్త మీటరు దొరకడం కష్టం. దొరికినా బండి విలువతో పోల్చితే ధర భారమే. దాంతో తుక్కుకు పోయిన అదే మోడలు కారు మీటరును గుజిరీ అంగడి నుంచి తెచ్చి బిగిస్తారు. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరమే కనుక ఇటువంటి సామాను తెప్పించడం పెద్ద పని కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1,86,000 కిలోమీటర్లు తిరిగిన కారుకు, 92,000 చూపే మీటరు బిగించారనుకుందాం. యజమానికి మోసపు తలంపు లేకపోయినా, ఆ క్షణం నుంచి అతని బండి అబద్ధం చెబుతుంది. అదే 2,40,000 చూపే మీటరు బిగిస్తే, అమ్మబోయినప్పుడు తాను తిరగని 54,000 కిలోమీటర్లకు కూడా అతనే మూల్యం చెల్లించుకోవాలి. పాత చిప్‌ను తీసి కొత్త బోర్డుకు మార్చడమో, అందులోని సంఖ్యను చదివి కొత్త దానిలో రాయడమో సరైన పద్ధతి. అయితే ఆ సంఖ్యను రాసే పరికరమే తగ్గించి రాయడానికీ పనికివస్తుంది. నిజాయతీగా బాగు చేసేవాడు, దళారి కోసం సంఖ్య తగ్గించేవాడు పట్టేది ఒకే పనిముట్టు. ఇద్దరి పనికీ మధ్య తేడా చూపగలిగేది కాగితం ఒక్కటే. విచారకరమేమిటంటే మన షెడ్లలో అదే ఉండదు. బిల్లు అడిగితే జీఎస్టీ కలపాలంటారు, లేకుంటే నవ్వి ఊరుకుంటారు.

బాడుగ బండ్లకే దెబ్బ

ఈ మూడు పట్టణాలలో ఈ బెడద ఒకే విధంగా లేదు. హిందూపురంలో ఇది ప్రధానంగా కొనుగోలుదారుల సమస్య. కర్ణాటక రిజిస్ట్రేషనుతో వచ్చే పాత కార్లకు ఇక్కడ గిరాకీ ఉంది. అక్కడ ఎంత తిరిగిందో చెప్పేది మీటరు ఒక్కటే. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారులకు, పెళ్లిళ్ల కాలంలో చీరల కోసం వచ్చేవారికి తిరిగే బాడుగ కార్లలో కిలోమీటరుకు ఇంత అని మాట్లాడుకోవడం రివాజు. బయలుదేరేటప్పుడు ఒక రీడింగు, దిగేటప్పుడు ఒక రీడింగు. అంకె కనిపించకపోతే బేరం కాస్తా తగవుగా మారుతుంది. ఆటో, ట్యాక్సీలకు ఉండే ఛార్జీల మీటరును తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. కారు తయారీలోనే వచ్చే ఓడోమీటరుకు అటువంటి ముద్ర లేదు. అయినా వేల రూపాయల బాడుగలు దానిపైనే నడుస్తున్నాయి.

పెనుకొండ ప్రాంతంలో పరిశ్రమలకు, కార్యాలయాలకు నెల బాడుగపై తిప్పే బండ్ల సంగతి మరొకటి. నెలకు ఇన్ని కిలోమీటర్లని ఒప్పందం, రోజూ లాగ్‌బుక్కులో రీడింగు నమోదు. గడి ఆరిపోయిన రోజు నుంచి డ్రైవరు అందాజుగా రాయవలసి వస్తుంది. బిల్లు ఆగితే నెల వాయిదా కట్టవలసినవాడు అతడే.

అన్నింటికన్నా మించినది ఇంజిను. ఆయిల్ మార్పు మాట అటుంచి, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో ఆ బెల్టును కిలోమీటర్ల లెక్కనే మార్చాలి. గడువు తెలియక బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. తెర మరమ్మతుకు వెనుకాడినవారు ఇంజిను విప్పించుకోవలసి వస్తుంది. మీటరు పనిచేయనంత కాలం ఫోనులోని మ్యాపు చూపే దూరాన్ని, డీజిల్ పోయించిన లీటర్లను ఒక పుస్తకంలో రాసుకోవడం, కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా నెలల లెక్కన సర్వీసు చేయించడం తప్ప దారి లేదు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 117వ నిబంధన వాహనానికి వేగమాపకం ఉండాలని చెబుతోంది. తిరిగిన దూరం మాటకు వస్తే మన వ్యవస్థలో దానిని ఏటేటా నమోదు చేసే చోటు లేదు. ఆర్సీలో ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు అన్నీ ఉంటాయి. కిలోమీటర్లు ఉండవు. ట్యాక్సీల వంటి రవాణా వాహనాలు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా సామర్థ్య పరీక్షకు వెళతాయి. సొంత కారు పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెళుతుంది. ఆ రోజు రీడింగును ఎక్కించి, కొనేవారికి కనిపించేలా పెడితే సగం మోసాలు అక్కడే ఆగుతాయి. అధికారులకు ఇందులో అదనపు ఖర్చు కూడా పెద్దగా లేదు.

బెల్జియం దేశం చేసినది ఇదే. అక్కడ 2004లో చట్టం చేసి, 2006 డిసెంబరు నుంచి ‘కార్‌పాస్’ అమలు చేస్తున్నారు. వాహనం షెడ్డుకు వచ్చినప్పుడల్లా మెకానిక్ రీడింగును కేంద్ర జాబితాకు పంపాలి. పాత కారు అమ్మేవారు ఆ పత్రం చూపాలి. అమెరికాలో ఏటా 4.5 లక్షలకు పైగా వాహనాలు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. మరమ్మతుకు సంబంధించి ఆ దేశపు చట్టంలోని ఒక ఏర్పాటు మనవారు గమనించదగినది. మీటరు మార్చినప్పుడు పాత సంఖ్యను నిలపలేకపోతే సున్నాకు తేవాలి. మార్పునకు ముందున్న రీడింగు, తేదీ రాసిన కాగితాన్ని ఎడమ తలుపు చట్రానికి అతికించాలి. అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు. మన చట్టం అడగకపోయినా మన షెడ్లలో కుడి తలుపు వద్ద ఇటువంటి చీటీ అతికించడానికి అడ్డేమీ లేదు.

మన దేశంలో ఓడోమీటరు తగ్గించినవారిపై వెళ్లాలంటే మోసం కింద వెళ్లాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్. వ్యాపారి వద్ద కొన్నవారు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఎదురింటి ఆయన వద్ద కొన్న కారుకు మాత్రం ఆ దారి కష్టం, ఆయన వ్యాపారి కాడు కనుక. పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలన్న కేంద్ర నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాహనం తన వద్ద ఉన్నంత కాలం ఎందుకు తిప్పారు, ఎవరు నడిపారు, ఎంత దూరం వెళ్లింది అన్న వివరాలు డీలరు నమోదు చేయాలి. ఆ ముందు పదేళ్ల లెక్క మాత్రం ఆ పుస్తకంలో ఉండదు.

కనుక ఇప్పటికి ఎవరి జాగ్రత్త వారిదే. మీటరు విప్పకముందే రీడింగును ఫొటో తీసుకోవాలి. తెర ఆరిపోయి ఉంటే చిప్‌లోని సంఖ్యను చదివించి, పాత సర్వీసు బిల్లులతోనో, బీమా తనిఖీలో తీసిన ఫొటోలతోనో సరిపోల్చుకోవాలి. మెకానిక్ చేత పాత సంఖ్య, కొత్త సంఖ్య, తేదీ రాయించి సంతకం చేయించాలి. కొనేవారు మీటరు కన్నా ముందు పెడళ్ల రబ్బరును, స్టీరింగు అరుగుదలను చూడాలి. టైరుపై ఉండే నాలుగంకెలు అది తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. 25,000 కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు నాలుగు టైర్లూ మారి, అవీ అరిగి ఉంటే బేరం అక్కడే ఆపడం మేలు.

యాజమాన్య బదిలీకి సంతకాలు పెట్టే 29, 30 నంబరు ఫారాలలో కిలోమీటర్లు అడగరు. అయితే బండి అప్పగించేటప్పుడు పోలీసు కేసుల భయంతో తేదీ, గంట, నిమిషం సహా డెలివరీ నోటు రాసుకోవడం ఇక్కడ అలవాటే. గంట పక్కన రీడింగు, మీటరు ఎప్పుడైనా మార్చారా లేదా అన్న ఒక్క వాక్యం చేర్చడానికి ఆ కాగితంలో చోటు ఉంది.